పాడేటాయన ఇంకా రాలే

మన భాషలో ‘వంత పాడటం’ ఒక తిట్టు. మీటింగులో మేనేజర్ ఏమన్నా తలూపే కొలీగ్ గురించి మనం అనేది అదే. ‘తాళం వేస్తున్నాడు’ అన్నా అర్థం దాదాపు అంతే. బుర్రకథ చూసినవాళ్ళకి తెలుసు, వంతలు ఇద్దరూ లేకపోతే కథకుడు పది నిమిషాలు కూడా నిలబడలేడని. ఒకరు రాజకీయం ఎత్తుకుంటారు, ఇంకొకరు నవ్విస్తారు, ఆ సందులో కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు. అయినా భాష ఆ పనికి మర్యాద మిగల్చలేదు. కచేరీ వాళ్ళు కాస్త సభ్యంగా ‘పక్కవాద్యం’ అంటారు. అందులోనూ ‘పక్క’ ఉండనే ఉంది.

ఈ పక్కన కూచునేవాళ్ళ గురించి ఇంతగా ఆలోచించడానికి కారణం పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ సంగీతం ముక్క ఒకటి. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ వయొలిన్‌కీ, హార్ప్‌సికార్డ్‌కీ కలిపి రాసిన ఆరు సొనాటాల్లో ఐదోది, ఎఫ్ మైనర్ సొనాట. కాటలాగులో నంబరు బి.డబ్ల్యు.వి. 1018. ముఖ్యంగా దాని మూడో భాగం, అడాజియో. మూడు, నాలుగు నిమిషాలకి మించదు. రెండేళ్ళుగా వింటున్నాను. మొదటి ఏడాదంతా దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నానని ఈమధ్యే తెలిసింది. చెప్పింది మా బాపు.

ముందే ఒప్పుకోవాలి, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో కోడ్ రాసుకుని బతుకుతున్నాను. రాత్రిళ్ళు డిప్లాయ్‌మెంట్ నడుస్తుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బరోక్ సంగీతం వినడం అలవాటైంది. స్వరలిపి నెమ్మదిగా, వేలు పెట్టుకుని చదవగలను. కాబట్టి ఇది పండితుడి వ్యాసం కాదు, వినేవాడి వ్యాసం.

ఈ ఆరు సొనాటాల్లో కొత్తేముందో చెప్పాలంటే, అప్పటి మామూలు పద్ధతి ఏమిటో తెలియాలి. ఆ రోజుల్లో వయొలిన్ సొనాట అంటే పాట వయొలిన్‌ది. హార్ప్‌సికార్డ్ వాయించేవాడికి ఎడమచేతి మంద్రస్వరాలు మాత్రం రాసిచ్చేవాళ్ళు. వాటి పక్కన కొన్ని అంకెలు వేసేవాళ్ళు. ఆ అంకెలు చూసుకుని కుడిచెయ్యి ఏం వాయించాలో అతనే అప్పటికప్పుడు కల్పించుకోవాలి. నేర్పు కావాలి, కానీ పేరు రాదు. కుడిచేతికి రాత లేదు.

బాఖ్ ఆ కుడిచేతికి రాత రాశాడు. ఈ సొనాటాల్లో దాదాపు అంతటా హార్ప్‌సికార్డ్ కుడిచేతికి వయొలిన్‌తో సమానమైన స్వంత వరస ఉంటుంది. వయొలిన్ ఒకటి, కుడిచెయ్యి ఒకటి, ఎడమచెయ్యి ఒకటి, అంటే మనుషులు ఇద్దరే అయినా గొంతులు మూడు. అందుకే బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ వీటిని ట్రియోలు అనేవాడు. 1774లో ఫోర్కెల్‌కి రాసిన ఉత్తరంలో, ఇవి తన తండ్రి రచనల్లో అత్యుత్తమమైన వాటిలో చేరతాయనీ, ఇందులోని అడాజియోలంత పాటలాంటివి ఇప్పటికీ ఎవరూ రాయలేరనీ మెచ్చుకున్నాడు. 1725 ప్రాంతపు చేతిరాత ప్రతి మీద ఇటాలియన్‌లో ఉన్న శీర్షికలో ముందు పేరు హార్ప్‌సికార్డ్‌ది, తర్వాతే వయొలిన్‌ది. హార్ప్‌సికార్డ్ పక్కన ‘చెర్తాతో’ అనే విశేషణం. సమవుజ్జీగా తలపడేది అని అర్థం. రెండో సొనాట మూడో భాగంలో వయొలిన్ ఎత్తుకున్న వరసని హార్ప్‌సికార్డ్ కుడిచెయ్యి వెనకాలే, స్వరం పొల్లుపోకుండా అందుకుంటుంది. ఆరో సొనాట నడిమి భాగంలో హార్ప్‌సికార్డ్ ఒక్కటే వాయిస్తుంది, వయొలిన్ ఆయన చేతులు కట్టుకుని కూచోవాలి.

హార్ప్‌సికార్డ్ చూడటానికి చిన్న పియానోలా ఉన్నా స్వభావం వీణకి దగ్గర. మెట్టు నొక్కితే లోపల ఒక ములుకు లేచి తీగను మీటుతుంది. పాతకాలంలో ఆ ములుకును పక్షి ఈకతో చేసేవాళ్ళు. గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా శబ్దం దాదాపు ఒకేలా వస్తుంది, వచ్చిన వెంటనే సన్నగిల్లడం మొదలెడుతుంది. గమకం పలకదు. వీణలోలాగా తీగను లాగి స్వరాన్ని ఊపే వీలూ లేదు. వయొలిన్‌ది సరిగ్గా ఎదురు స్వభావం. కమాను కదులుతున్నంతసేపూ స్వరం బతికే ఉంటుంది. పెంచొచ్చు, తగ్గించొచ్చు, వణికించొచ్చు. ఇంత తేడా ఉన్న ఇద్దర్ని ఒకే అరుగు మీద సమానంగా కూచోబెట్టాలి. బాఖ్ పెట్టుకున్న చిక్కుముడి అది.

ఇక ఎఫ్ మైనర్ సొనాట. మొదటి భాగం లార్గో. మూడు గొంతులతో హార్ప్‌సికార్డ్ ఒక్కటే మొదలెడుతుంది, ఒక గొంతు అన్నది ఇంకో గొంతు అందుకుంటూ, చావు ఇంటి ముందు మెల్లగా మాట్లాడుకునే పెద్దమనుషుల్లాగా. కాసేపటికి వయొలిన్ ఒక పొడుగు స్వరంతో లోపలికొస్తుంది. వీళ్ళు మాట్లాడుకుంటున్న సంగతిని అది వెంటనే అందుకోదు. తన దారిన తను, పైన ఎక్కడో. రెండో భాగం అలెగ్రో, మూడు గొంతులూ ఒకే విషయం మీద వాదించుకునే భాగం. వయొలిన్ ఒకటంటే కుడిచెయ్యి అదే మాట తన పద్ధతిలో అంటుంది, ఎడమచెయ్యి కూడా ఊరుకోదు. ఇక్కడిదాకా సమానత్వం అంటే ఏమిటో తేలిగ్గానే అర్థమవుతుంది. అందరికీ మాట్లాడే వంతు వస్తుంది. మంచి మీటింగులాగా.

తర్వాత అడాజియో. సి మైనర్. కాగితం మీద చూస్తేనే వింతగా ఉంటుంది. వయొలిన్ రెండు తీగల మీద ఒకేసారి కమాను ఆనించి, జంట స్వరాలు, ఒకే నడక, మొదటి నుంచి చివరిదాకా. ఒక్క వరస కూడా పాటగా సాగదు. హార్ప్‌సికార్డ్ మీద రెండు చేతులూ ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటూ, చిన్న చిన్న మెట్లెక్కి దిగుతున్నట్టు వేగమైన స్వరాల గుంపులు. అంతే. ఈ ముక్క వినేశాక హమ్ చేద్దామంటే నోటికి ఏమీ దొరకదు.

దీనికి నేను కట్టిన థియరీ సింపుల్: పాత్రలు మారాయి. ఇన్నాళ్ళూ పాటగత్తెలా ఉన్న వయొలిన్ ఇక్కడ శ్రుతిపెట్టెలా కూచుంది, హార్ప్‌సికార్డ్ ముందుకొచ్చింది. పక్కవాద్యానికి ప్రమోషన్. ఈ సొనాట మీద ఏదైనా రాస్తే ఇదే రాయాలనుకున్నాను. ఎందుకంత నచ్చిందంటే మా ఇంట్లో ఒక పక్కవాద్యం ఉంది.

మాది ఆర్మూర్. బాపు పసుపు అడ్తి దుకాణంలో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. కాంటా దగ్గర దడ్వాయి తూకం అరిస్తే, ఆ అంకెను బాపు ఇంకోసారి గట్టిగా పలికి పుస్తకంలో రాయాలి. ఒకరు అనాలి, ఒకరు అందుకోవాలి, రైతు చెవిన రెండుసార్లు పడాలి. కొమ్ము వేరు, మండ వేరు, సీజన్‌లో పొద్దుగూకేదాకా ఇదే. ఇంటికొచ్చి స్నానం చేసినా ముంజేతుల మీద పసుపు పోయేది కాదు. ఆ చేతులతోనే శనివారం భజనలో హార్మోనియం వాయించేవాడు. ముప్పై ఏళ్ళు. పాడే ఆయన మా వాడకట్టు పెద్దమనిషి, నేను పెద్దబాపు అని పిలిచేవాణ్ణి. శ్రీరామనవమికి కరపత్రం వేస్తే ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉండి, దాని కింద ‘మరియు బృందం’ అని ఉండేది. ఆ బృందమే మా బాపు. చిన్నప్పుడు స్కూల్లో ఆ కరపత్రం చూపించి ‘మా బాపు కూడా ఉన్నడు’ అంటే ఎవరూ నమ్మలేదు.

చేతి హార్మోనియంలో ఒక చెయ్యి తిత్తి ఆడిస్తూ గాలికే పోతుంది. మిగిలేది ఇంకో చెయ్యి ఒక్కటే, అది పాడేవాణ్ణి వెంబడించాలి. ఆయన పైకెళితే పైకి, తప్పు శ్రుతిలో ఎత్తుకుంటే తనే మెట్టు మార్చుకుని దాన్ని ఒప్పు చెయ్యాలి. పైగా ఈ వాద్యానికి ఈ దేశంలో పరువు తక్కువ. గమకం పలకదన్న వాదనతో ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించింది. ఆ నిషేధం సడలింది 1971లో. హార్ప్‌సికార్డ్ మీద ఏ ఫిర్యాదు చేయొచ్చో హార్మోనియం మీద చేసిందీ అదే.

రెండేళ్ళ కింద పెద్దబాపు పోయాడు. భజన ఆగిపోయింది. బాపు హార్మోనియం పెట్టెకి పాత దుప్పటి చుట్టి అటక కింద పెట్టాడు. ఎందుకు వాయించవంటే ‘పాడేటోళ్ళు లేరు గదా’ అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఈ ఫిబ్రవరిలో ఇంటి నుంచి పని చేసుకుంటూ పదిహేను రోజులు ఆర్మూర్‌లో ఉన్నాను. ఊరు దాటితే కల్లాల్లో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. కిటికీ తీస్తే ఆ మట్టి వాసన కలిసిన ఘాటు గదిలోకి వస్తుంది. ఒక సాయంత్రం బాపుకి హెడ్‌ఫోన్స్ పెట్టి అడాజియో వినిపించాను. ముందు నా థియరీ కూడా చెప్పాను. ఫిడేలు ఆయన పక్కకు జరిగాడు, పెట్టె ఆయన ముందుకొచ్చాడు, విను అని. నిజం చెప్పాలంటే ఆయన్ని సంతోషపెడదామనే చెప్పాను.

బాపు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. తీసి పక్కన పెట్టాడు.

‘ముందట ఎవ్వరు లేరు గదరా’ అన్నాడు. ‘ఇద్దరు పక్కకే ఉన్నరు. పాడేటాయన ఇంకా రాలే.’

కాసేపాగి తనే చెప్పాడు. పెద్దబాపు గొంతు సవరించుకునేటప్పుడు, మంచినీళ్ళు తాగేటప్పుడు, పాట మధ్యలో కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆగిపోయినప్పుడు బాపు ఊరికే ఉండటానికి లేదు. శ్రుతి పడిపోకుండా మెట్టు వదలకుండా పట్టుకోవాలి. తబలా అతను దెబ్బ పెద్దగా వెయ్యకుండా నడక మాత్రం ఉంచాలి. ‘గా టైములనే మేమిద్దరం ఒకరిదొకరం వింటుంటిమి. పాట మొదలైనంక ఆయన్నే ఇంటం.’

మళ్ళీ పెట్టి విన్నాను. బాపు చెప్పింది నిజం. హార్ప్‌సికార్డ్ వాయిస్తున్నది కూడా పాట కాదు. ఆ మెట్ల గుంపులు ఏ సొనాటలోనైనా పాట వెనక అల్లుకునే అల్లికే. వయొలిన్ జంట స్వరాలూ అంతే, ఎవరి కిందో పరిచిన దుప్పటి. పైన రావాల్సిన గొంతు రాదు. బాఖ్ ఇక్కడ పక్కవాద్యాన్ని ముందుకు తేలేదు. ముందు అనే చోటునే ఖాళీ చేశాడు. నేను ప్రమోషన్ అనుకున్నది పొరపాటు.

ఆ ఖాళీ వల్ల మనకి ఏం వినిపిస్తుందో గమనించండి. హార్ప్‌సికార్డ్ స్వరం పుట్టగానే సన్నగిల్లుతుంది, ఆ సన్నగిల్లే చోట వయొలిన్ కమాను అదే శ్రుతిని నిలబెట్టి ఉంచుతుంది. వయొలిన్ మందంగా, ఒకే నడకలో పోతుంటే లోపల కదలిక హార్ప్‌సికార్డ్ ఇస్తుంది. ఒకరికి చేతకానిది ఇంకొకరు చేస్తున్నారు. పాట ఉంటే మన చెవి ఎప్పుడూ పాట వెనకాలే పోతుంది, ఈ ఇచ్చిపుచ్చుకోవడం వినపడదు. అది లేదు కాబట్టే శ్రుతి మెల్లగా ఒక బాధలోంచి ఇంకో బాధలోకి జరగడం ఇంత దగ్గరగా తెలుస్తుంది. లార్గోలో పెద్దమనుషులు మాటల్లో పెట్టిన దుఃఖమే ఇక్కడ మాటలు అయిపోయాక మిగిలింది అనిపిస్తుంది నాకు.

మన వైపు ఇదే ప్రశ్నకి వేరే జవాబు ఉంది. యూరప్‌లో పాటని ముందుండి నడిపిన వయొలిన్ మన కచేరీకి వచ్చేసరికి గాత్రం పక్కన నీడగా కూచుంది. దాన్ని మధ్యలోకి తెచ్చినవాళ్ళలో మనవాడు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964). 1919లో విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకుడిగా చేరి, తర్వాత ప్రిన్సిపాల్ అయిన ఫిడేలు నాయుడుగారు, ఆ వాద్యం ఒంటరిగా కచేరీ నిలబెట్టగలదని చూపించారు. పక్కవాద్యం గొప్పదని నిరూపించడానికి దాన్ని ముందుకు తేవడం ఒక దారి, గొప్ప దారి. నా థియరీ తెలియకుండానే అక్కణ్ణుంచి వచ్చింది. కానీ ఆ దారిలో ‘ముందు’ అనేది అలాగే ఉంటుంది, కూచునే మనిషి మారతాడు. ఎఫ్ మైనర్ అడాజియో అడిగే ప్రశ్న ఇంకోటి: పట్టుకుని ఉండటమే పని అయినవాళ్ళు, ఎవరి కోసం పట్టుకున్నారో ఆ మనిషి లేకపోతే, చేసేది సంగీతం అవునా కాదా?

బాఖ్ అవునంటాడు. దీనికి అభ్యంతరం ఉండొచ్చు, నాకే ఉంది. పక్కన ఉండటంలో అందం చూపించడం సుఖంగా ముందు కూచున్నవాళ్ళకి పనికొచ్చే మాట. కరపత్రంలో పేరు వేయకుండా ‘నీ పని ఎంత గొప్పదో’ అనడం మనందరికీ తెలిసిన మోసమే, అప్రైజల్ సీజన్‌లో నేనూ విన్నదే. అయితే ఈ సొనాట ఆ మోసం చేయదనుకుంటాను. కారణం నేను చెప్పుకుంటూ వచ్చిన ఆ రాత. ఈ సెట్‌లో హార్ప్‌సికార్డ్ చోటు వయొలిన్ ఆయన దయ మీద ఆధారపడదు, కాగితం మీద స్వరాల్లో ఉంది. ముఖచిత్రం మీద పేరు కూడా ముందే ఉంది. అలెగ్రోలో తన వాదన తను పూర్తిగా వినిపించుకున్నాకే అడాజియోలో నిశ్శబ్దంగా ఉంటుంది. మాట్లాడే హక్కు ఉన్నవాడు ఎంచుకున్న నిశ్శబ్దం వేరు. ఆ మధ్యభాగాన్ని విడిగా ప్లేలిస్ట్‌లో వేసుకుంటే ఈ తేడా పోతుంది. సొనాట మొత్తం వినమనేది అందుకే.

వాయించేవాళ్ళు కూడా ఆ రాతను పాటించాలి. చాలా పాత రికార్డింగుల్లో వయొలిన్‌కి మైకు దగ్గరగా, హార్ప్‌సికార్డ్ పక్కగదిలో ఉన్నట్టు వినిపిస్తుంది. అలా వింటే అడాజియోలో ఒక ఫిడేలు ఏదో పాట మర్చిపోయి తడుముకుంటున్నట్టు ఉంటుంది. గ్లెన్ గూల్డ్, హైమే లారెడోతో కలిసి 1970ల్లో చేసిన రికార్డింగులో హార్ప్‌సికార్డ్ బదులు పియానో. గూల్డ్ వేళ్ళ స్పష్టత నాకు ఇష్టం. కానీ పియానో స్వరం అంత త్వరగా సన్నగిల్లదు, అందువల్ల వయొలిన్ పట్టుకుని ఉండాల్సిన అవసరమే తగ్గిపోతుంది. రేచెల్ పాడ్జర్, ట్రెవర్ పినాక్‌ల జంట దగ్గర ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఇసబెల్ ఫౌస్ట్, క్రిస్టియన్ బెజాయిడెన్‌హౌట్ 2018లో తెచ్చిన ఆల్బమ్ నేను బాపుకి వినిపించింది. మొదటిసారి వినేవాళ్ళకి కూడా అదే చెబుతాను. ఒకసారి వయొలిన్‌ని వదిలేసి హార్ప్‌సికార్డ్‌నే వినండి, ఇంకోసారి రెంటినీ వదిలేసి రాని గొంతు కోసం వినండి.

అడాజియోతో సొనాట అయిపోదు. వివాచె అని ఇంకో భాగం ఉంది. మూడు గొంతులూ మళ్ళీ తగువుకి దిగుతాయి, అరమెట్లు జారే వరస ఒకటి పట్టుకుని, తాళానికి అడ్డం పడుతూ. బాపుకి అది వినిపిస్తే సగంలో తీసేశాడు. ‘యార్డుల పాట పాడినట్టున్నది’ అన్నాడు. ఆ పాట వేలంపాట. అందరూ ఒకేసారి ధర అరవడం. విమర్శగా అంత మంచి మాట నేను రాయలేను.

హార్మోనియం దుప్పటి ఇంకా విప్పలేదు. నేను అడగలేదు కూడా. కానీ హైదరాబాద్ బస్సెక్కే ముందు రోజు రాత్రి, ల్యాప్‌టాప్ మూసేస్తుంటే బాపు వచ్చి మంచం అంచున కూచున్నాడు. హెడ్‌ఫోన్స్ తనే అందుకున్నాడు.

‘ఏది పెట్టాలె?’ అన్నాను.

‘గదే. పాడేటాయన రాకముందుది.’